పౌండు అనగా నేమి?

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు కాగితములలో ఇంగ్లీషు మాటలు పెక్కు కనబడుచుండును. వానిలో రోడ్డు, బిల్లు, షెడ్డు, నోటీసు వంటివి మన నోట నలిగి మన మాటలే అయినవి. వాని అర్థమును ఎవరును అడుగ నక్కరలేదు. మరికొన్ని మాటలు చూచుటకు చిన్నవి. కాని వాని వెనుక నున్న బాధ్యత పెద్దది. అట్టి మాటను పొరపాటుగా గ్రహించినచో తీర్మానము ఒక దారిని, పని మరియొక దారిని పోవును. ‘పౌండు’ అను మాట ఇట్టివానిలో ఒకటి.

ఈ మాట చట్టములలో కలదు, లెక్కల పుస్తకములలో కలదు, మన రాజ్యాంగములోను కలదు. రాజ్యాంగపు 7వ షెడ్యూలులో రాష్ట్రముల అధికారమునకు చెందిన విషయముల పట్టిక యున్నది. అందు 16వ అంశము పౌండ్లను గూర్చియు, పశువులు పరుల భూములలో ప్రవేశించి నష్టము చేయకుండ నివారించుటను గూర్చియు చెప్పుచున్నది. ఇంత పెద్ద గ్రంథమున ఇంత చిన్న మాటకు చోటు లభించుట ఊరకనే జరిగినది కాదు. వ్యవసాయమే జీవనాధారముగా గల దేశమున చేనికిని పశువునకును నడుమ కలుగు తగవు ప్రతి గ్రామమున నుండునదే. ఆ తగవును కఱ్ఱతో గాక క్రమముతో తీర్చుటకై ఏర్పడిన స్థలమే పౌండు. ఈ మాటకు గల అర్థములను, దానినుండి పుట్టిన ఇతర ప్రయోగములను, దానివలన పంచాయతీ సభ్యులపై బడు బాధ్యతను ఈ వ్యాసమున మేము వివరింపదలచితిమి.

ఇల్లు వేరు, పౌండు వేరు

ప్రతి ప్రాణికిని ఒక నెలవు కలదు. మన భాషలో ఆవులకు కొట్టము, గుఱ్ఱములకు సాల, గొఱ్ఱెలకు దొడ్డి, పక్షికి గూడు, పామునకు పుట్ట, ఎలుకకు కలుగు, పులికి గుహ అని వేరువేరు పేర్లున్నవి. ఇంగ్లీషులోను ఇట్లే పశువులకు షెడ్డు, గుఱ్ఱమునకు స్టేబుల్, కుక్కకు కెన్నెల్, పందికి స్టై, కోళ్లకు కూప్, క్రూరమృగమునకు డెన్ అని చెప్పుదురు. ఇవన్నియు ఆ ప్రాణి తనదిగా నివసించు చోట్లు. ప్రొద్దు గ్రుంకినంతనే పశువు తనంత తాను ఆ చోటికి మరలివచ్చును.

పౌండు అట్టిది కాదు. ఏ పశువును అక్కడ పుట్టదు. ఏ పశువును తన ఇష్టముతో అక్కడికి రాదు. దారి తప్పినదియో, పరుల చేనిలో పడినదియో అయిన పశువును యజమాని వచ్చు వరకు అధికారము గలవారు కట్టియుంచు ఆవరణమే పౌండు. దీనిని మన గ్రామములలో బందెలదొడ్డి యందురు. హిందీ మాటలాడు ప్రాంతములలో కాంజీహౌస్ అనుట వాడుక.

కొట్టములో పశువునకును యజమానికిని మాత్రమే సంబంధము. బందెలదొడ్డిలోనో, పశువు గలవాడు, పంట నష్టపోయినవాడు, పశువును కాపాడువాడు అని ముగ్గురి హక్కులు, విధులు కలిసియుండును. నాల్గవది నోరులేని పశువు. తనకు దాహమగుచున్నదని అది చెప్పలేదు. తన యజమాని ఎవరో చెప్పలేదు. ఆ రెండు మాటలును దాని పక్షమున చెప్పవలసినవాడు దొడ్డి కాపరి. ఆతడు చెప్పుచున్నాడా లేదా యని చూడవలసినది ఆ దొడ్డిని నడుపు సంస్థ.

ఈ భేదము లెక్కలకును ముఖ్యము. 2005వ సంవత్సరపు గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద పెక్కు గ్రామములలో పశువుల షెడ్లు కట్టబడినవి. అవి ఆయా కుటుంబముల మేలు కొఱకైన కట్టడములు. బందెలదొడ్డి యన్ననో ఊరందరిది. అట్లే మందబయలు కూడ వేఱు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, 1994, 58వ సెక్షను ప్రకారము ప్రభుత్వాధీనమందున్న పచ్చిక బీళ్లు, కళ్లములు, మందబయళ్లు మొదలగు పోరంబోకులు గ్రామపంచాయతీకి దఖలుపడును. మందబయలు ఊరి పసులన్నియు కూడి నిలుచు తావు. అక్కడ నిలిచిన పశువు ఎవరి చెరలోను లేదు. కావున తీర్మానమున షెడ్డు అనవలసినచోట పౌండు అనియు, పౌండు అనవలసినచోట మందబయలు అనియు వ్రాయరాదు.

ఒకే రూపము, మూడు మాటలు

ఇంగ్లీషులో పౌండు అను రూపమునకు ముఖ్యముగా మూడు అర్థములు కలవు. విచిత్రమేమనగా, అవి ఒకే మాటకు గల మూడు అర్థములు కావు. వేరువేరు మూలములనుండి వచ్చిన మూడు మాటలు కాలక్రమమున ఒకే రూపమును పొందినవి. మన భాషలో ‘పాలు’ అన్నచో త్రాగు పాలును అగును, పంచుకొను పాలును అగును గదా; ఇదియు అట్టిదే.

మొదటిది తూనిక. దీనికి మూలము లాటిను భాషలో బరువును తెలుపు మాట. ఒక పౌండునకు 16 ఔన్సులు. 1959వ సంవత్సరమున ఇంగ్లీషు మాటలాడు కొన్ని దేశములు కూడి ఒక పౌండు 0.45359237 కిలోగ్రాము అని నిర్ణయించినవి. భారతదేశమున 1956వ సంవత్సరపు తూనికలు, కొలతల చట్టము తరువాత మెట్రిక్ పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చి, అంగడులలో పౌండు తూనిక తొలగిపోయినది. అయినను ట్రాక్టరు చక్రమునకు గాలి నింపువాడు నేటికిని ‘ఎన్ని పౌండ్లు పట్టమందురు?’ అని అడుగును. అది చదరపు అంగుళముపై బడు ఒత్తిడి లెక్క.

బ్రిటను దేశపు నాణెమునకు పౌండు అని పేరు వచ్చుటయు ఈ తూనిక వలననే. పూర్వము ఒక పౌండు బరువు వెండితో దానికి సంబంధ ముండెను. 1971వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీ వరకు ఒక పౌండునకు 240 పెన్నీలు. ఆనాటినుండి 100 పెన్నీలు. మనవారు దీనిని పౌను అనుట కలదు.

రెండవది దంచుట. రోటిలో వేసి రోకటితో నలుగగొట్టు పనిని ఇంగ్లీషులో పౌండు చేయుట యందురు. దీని మూలము ప్రాచీన ఇంగ్లీషు.

మూడవది ఆవరణము. ఇదియే మన విషయము. ఇదియు ప్రాచీన ఇంగ్లీషునుండి వచ్చినదే. ఇంగ్లండు దేశపు పల్లెలలో పూర్వము రాతిగోడతోనో, కంచెతోనో కట్టిన చిన్న ఆవరణములుండెడివి. దారి తప్పిన పశువులను అందుంచెడివారు. దానికి పిన్‌ఫోల్డ్ అనియు పేరు. కాపరిని పిండరు అని పిలిచెడివారు. అట్టి రాతి ఆవరణములు కొన్ని ఆ దేశమున నేటికిని నిలిచియున్నవి.

ఈ మూడవ మాటకు ఒక తోబుట్టువు కలదు. చెఱువునకును కుంటకును ఇంగ్లీషులో ‘పాండ్’ అందురు. అది ఆవరణము అను అర్థముగల పౌండు మాటకు రూపాంతరమే. గట్టుకట్టి పశువును నిలిపిన పౌండు, గట్టుకట్టి నీటిని నిలిపిన పాండ్. పుట్టుక యొక్కటే యైనను నేడు ఈ రెండును వేరు మాటలు. మన దేశపు కార్యాలయ పత్రములలో ‘కాటిల్ పౌండు’ అని ఉండవలసినచోట ‘కాటిల్ పాండ్’ అని పడుట అరుదు కాదు. ఒకటి బందెలదొడ్డి, మరియొకటి పశువులు నీరు త్రాగు కుంట. ‘ఫారం పాండ్’ అనునది పొలములోని నీటికుంట. కాగితమున ఏది వ్రాసియున్నదో సభ్యులు ఒకటికి రెండుసారులు చదివించుకొనుట మేలు. దొడ్డికై మంజూరైన సొమ్ముతో కుంట త్రవ్వినచో, పిమ్మట తనిఖీలో సమాధానము చెప్పవలసినది పంచాయతీయే.

పోలికవలన కలుగు పొరపాటు

పౌండు అను ధ్వనిగల మరికొన్ని మాటలు మన వాడుకలో నున్నవి. వానిని గూర్చియు కొంచెము తెలిసికొందము.

పాఠశాల చుట్టును కట్టు గోడను కాంపౌండు గోడ అనుచున్నాము. ఆవరణము అను అర్థము ఉండుటచేత ఇది బందెలదొడ్డి పౌండునుండి వచ్చినదని తోచును. కాని ఇది ఆసియా ఖండపు తూర్పు తీరములనుండి వచ్చిన మాట. మలయా భాషలో ఇండ్లగుంపును, పల్లెను తెలుపు ‘కంపోంగ్’ అను మాటయే ఇట్లు మారినదని నిఘంటుకారులు చెప్పుదురు.

ఆసుపత్రిలో మందులు కలిపి ఇచ్చు కాంపౌండరు పేరునకు మూలము వేఱు. లాటినులో ‘కలిపి ఉంచుట’ అను అర్థముగల మాటనుండి అది వచ్చినది. అసలుపై వడ్డీని, ఆ వడ్డీపై మరల వడ్డీని కలుపుచుపోవు చక్రవడ్డీని కాంపౌండు వడ్డీ యనుట ఈ మూలముననే. కొన్ని నేరములను, ఉల్లంఘనలను రుసుము గైకొని రాజీగా ముగించుటను కాంపౌండింగు అనుటయు అందుండి వచ్చినదే. కావున ‘కాంపౌండింగు ఫీజు’ అని యున్నచో అది పశువులకు సంబంధించినది కాదు, గోడకు సంబంధించినదియు కాదు.

ఇంపౌండు: పట్టియుంచుట, పోగొట్టుట కాదు

బందెలదొడ్డి అను అర్థముగల పౌండునుండి ఒక క్రియ పుట్టినది. అది ‘ఇంపౌండు చేయుట’. మొదట దీని అర్థము పశువును దొడ్డిలో పెట్టుట మాత్రమే. తరువాత ఈ మాట దొడ్డి గడపదాటి ఇతర కార్యాలయములలో ప్రవేశించినది.

భారత స్టాంపుల చట్టము, 1899, 33వ సెక్షను ప్రకారము తగిన స్టాంపు లేని దస్తావేజు సాక్ష్యము స్వీకరించు అధికారముగల వారి యెదుటికి వచ్చినపుడు దానిని ఇంపౌండు చేయుదురు. అనగా ఆ కాగితమును చింపివేయుదురని కాదు. అది చెల్లక పోవునని కాదు. లోటుపడిన సుంకమును, దానిపై అపరాధ రుసుమును చెల్లించు వరకు పట్టియుంచుదురని అర్థము. పాస్‌పోర్టుల చట్టము, 1967, 10వ సెక్షను కొన్ని సందర్భములలో పాస్‌పోర్టును ఇంపౌండు చేయుటకును, రద్దు చేయుటకును అధికారమిచ్చుచున్నది. ఇంపౌండు, రద్దు అని రెండు మాటలను వేరుగా చెప్పుటవలననే ఆ రెండును ఒకటి కాదని తెలియుచున్నది. ఆనకట్ట కట్టి నీటిని నిలుపుటకు సైతము ఇంజనీర్లు ఈ మాటనే వాడుదురు. నిలిపిన నీరు సమయము వచ్చినపుడు కాలువకు విడువబడును.

దస్తావేజు కానిండు, పాస్‌పోర్టు కానిండు, నీరు కానిండు, అన్నిట ఒకే భావము కనబడుచున్నది. పట్టియుంచుట వేఱు, తనది చేసికొనుట వేఱు. ఇంపౌండు అయినంతమాత్రమున యజమాని హక్కు నశింపదు. పట్టియుంచినవాని బాధ్యత మాత్రము ఆ క్షణమునుండియే మొదలగును. మూలార్థమైన బందెలదొడ్డి విషయమునను ఈ సూత్రమే వర్తించును. ఈ వ్యాసమునకు సారాంశము ఇదియే.

చట్టము చెప్పిన క్రమము

బందెలదొడ్ల నిర్వహణకై 1871వ సంవత్సరమున పశువుల అక్రమ ప్రవేశ చట్టము చేయబడినది. ఆ సంవత్సరపు చట్టములలో అది మొదటిది. అందు పశువులు అను మాటలో ఆవులు, ఎద్దులు మాత్రమే గాక ఏనుగులు, ఒంటెలు, గేదెలు, గుఱ్ఱములు, గాడిదలు, పందులు, గొఱ్ఱెలు, మేకలు కూడ చేర్చబడినవి. ఈ చట్టము ఏర్పరచిన క్రమమును ఒక ఉదాహరణముతో చూతము.

ఒక గ్రామమున ఒక వితంతువునకు ఒకే పాడిగేదె కలదనుకొందము. ఆ గేదె పాలే ఆమె సంసారమునకు ఆధారము. ఒకనాటి రాత్రి అది పలుపు త్రెంచుకొని పోయి పొరుగూరి రైతు వరిచేనిలో పడినది. ఆ రైతు అప్పు తెచ్చి నాటిన చేను అది. ఇద్దరును కష్టజీవులే, ఇద్దరి పక్షమునను న్యాయము కలదు.

రైతు ఆ గేదెను పట్టవచ్చును. అయితే అది చేనిలో ప్రవేశించుట మాత్రమే చాలదు, నష్టముకూడ చేయుచుండవలెను. దారిని పోవు పశువును కక్షచేత పట్టితెచ్చుటకు చట్టము అనుమతి నీయలేదు. పట్టిన పశువును 24 గంటలలోపల ఆ భూమియున్న గ్రామమునకు ఏర్పరుపబడిన పౌండునకు పంపవలెను. తన కొట్టములో కట్టియుంచుకొని సొమ్ము అడుగుటకుగాని, పశువును కొట్టి పంపుటకుగాని వీలులేదు.

గేదె దొడ్డికి చేరినది. కాపరి తన రిజిస్టరులో నాలుగు విషయములు వ్రాయవలెను. పశువుల సంఖ్య, గుర్తులు మొదటివి. తెచ్చిన దినము, గంట రెండవది. పట్టినవాని పేరు, నివాసము మూడవది. తెలిసియున్నచో యజమాని పేరు, నివాసము నాలుగవది. ఈ వ్రాతకు నకలును పట్టితెచ్చిన వానికి ఈయవలెను. అటుపిమ్మట ఆ పశువును తన వశమందుంచుకొని, దానికి మేతయు నీరును పెట్టవలెను. అపరాధపు సొమ్ము వివరములను, మేతకు నీటికి అగు ఖర్చుల రేట్లను అందరును చూచునట్లు దొడ్డివద్ద అంటించవలెను.

వితంతువు వచ్చి అపరాధమును, మేత ఖర్చును చెల్లించినచో గేదెను ఆమెకు అప్పగించవలెను. అప్పగించినట్లు రిజిస్టరులో ఆమెచేత వ్రాలు చేయించుకొనవలెను. ఆమె రానిచో? ఏడు దినములు గడచిన పిమ్మట కాపరి సమీప పోలీసు ఠాణా అధికారికి తెలుపవలెను. ఆ అధికారి పశువు గుర్తులను, పట్టిన చోటును, ఉంచిన చోటును తెలుపు ప్రకటన నంటించి, పట్టిన తావునకు సమీపమందలి గ్రామమునను సంతయందును దండోరా వేయింపవలెను. ఆ ప్రకటన తేదీనుండి మరి ఏడు దినములలోపల ఎవరును రానియెడల పశువు వేలమునకు వచ్చును. అమ్మగా వచ్చిన సొమ్ములో అపరాధము, ఖర్చులు పోను మిగిలినది యజమానిదే. యజమాని తెలియనిచో ఆ మిగులును మూడు మాసములు డిపాజిటులో ఉంచవలెను. దొడ్డి కాపరిగాని, ఈ పనికి సంబంధించిన అధికారిగాని ఆ వేలమున తానుగాను, ఇతరుల ద్వారాను పశువును కొనరాదు.

ఈ క్రమములోని ఒక్కొక్క మెట్టునకు కారణము కలదు. రిజిస్టరులో గుర్తులు వ్రాయనిచో ఎవరి గేదెనో మరియెవరో తోలుకొనిపోవుదురు. దండోరా వేయనిచో పొరుగూరి వితంతువునకు కబురు చేరదు. తెల్లవారి ఆమె తాడు చేతబట్టుకొని ఊరూర తిరుగుచుండగనే ఆమె జీవనాధారము వేలములో పోవును. కాపరియే వేలము పాడుకొనవచ్చునన్నచో దండోరా వేయకుండుటయే ఆతనికి లాభము. కావుననే చట్టము ఆ దారిని మూసివేసినది.

రైతు పక్షమును కూడ చట్టము మరువలేదు. పశువును పట్టకుండ బలవంతముగా అడ్డగించుట, పట్టిన పిమ్మట విడిపించుకొనిపోవుట నేరములని 24వ సెక్షను చెప్పినది. దొడ్డివద్ద చెల్లించు అపరాధము పంట వెల కాదు. పంట నష్టమునకై తగిన న్యాయస్థానమున దావా వేయు హక్కు రైతునకు వేరుగా కలదని 29వ సెక్షను స్పష్టము చేసినది. మరియొక ప్రక్క, తన పశువును అక్రమముగా పట్టిరని యజమాని తలచినచో, పట్టిన నాటినుండి 10 దినములలోపల మేజిస్ట్రేటునకు ఫిర్యాదు చేసికొనవచ్చునని 20వ సెక్షను చెప్పినది. ఇరువురకును దారి చూపినపుడే తగవు కఱ్ఱలవరకు పోదు.

1871లో వ్రాసిన అపరాధపు మొత్తములు అణాలలో నుండెను. ఏనుగునకు రెండు రూపాయలు, గేదెకు ఎనిమిది అణాలు, మేకకు ఒక అణా. ఆ పట్టికలు ఆయా రాష్ట్రములలో కాలానుగుణముగా మారుచు వచ్చినవి. కావున తమ గ్రామమునకు వర్తించు సవరణలను, రేట్లను కార్యదర్శివద్ద చదివించుకొని, ఆ ప్రకారమే వసూలు చేయించుట సభ్యుల విధి.

మారిన కాలము, మారని బాధ్యత

ఒకప్పుడు పశువునకు పచ్చిక బీడు ఉండెను, కాచుటకు పసులకాపరి ఉండెను. బీళ్లు తగ్గినవి. ట్రాక్టరు వచ్చిన పిదప ఎద్దులకు పని తగ్గినది. పాలు ఉడిగిన ఆవును, పనికిరాని కోడెదూడను వీథిపాలు చేయువారును కలరు. పూర్వము చేనికి కలిగిన భయము నేడు రహదారికిని కలిగినది. రాత్రివేళ తారురోడ్డుపై పరుండిన పశువువలన వాహనములలోని మనుష్యులును, ఆ పశువును ప్రాణములు గోల్పోవుచున్నారు. 2025వ సంవత్సరము నవంబరు 7వ తేదీన సుప్రీంకోర్టు రహదారులపై తిరుగు పశువులను తొలగించి తగిన ఆశ్రయములకు చేర్పవలెనని ఆదేశించుటకు కారణ మిదియే.

పట్టణములకై చేర్చబడిన రాజ్యాంగపు 12వ షెడ్యూలులో 15వ అంశము గమనింపదగినది. పశువుల పౌండ్లు, జంతుహింస నివారణ అను రెండును ఒకే అంశముగా అందు చేర్చబడినవి. పశువును పట్టు అధికారమును, దానిని బాధింపరాదను నియమమును ప్రక్కప్రక్కన నిలుపుటలో గొప్ప నీతి కలదు. గ్రామములకు సంబంధించిన 11వ షెడ్యూలులో 4వ అంశముగా పశుపోషణ, పాడిపరిశ్రమ, కోళ్ల పెంపకము చేర్చబడియున్నవి. జంతువులయెడ క్రూరత్వ నివారణ చట్టము, 1960, 3వ సెక్షను ఇంకను స్పష్టముగా చెప్పుచున్నది. ఒక జంతువు ఎవరి సంరక్షణలో నున్నదో వారు దాని క్షేమమునకు తగిన చర్యలన్నియు తీసికొనవలెను. అనవసరమైన బాధ కలుగకుండ చూడవలెను. పశువు దొడ్డిలో నున్నంతకాలము ఆ సంరక్షణ భారము దొడ్డిని నడుపువారిదే యగును. పశువు చేసిన నష్టము ఎంతదైనను దానిని పస్తుంచుటకు అది కారణము కాజాలదు. పలుపు కట్టని తప్పు యజమానిది. శిక్ష పశువునకు తగదు.

కుక్కల విషయమునను పౌండు అను మాట వినబడుచుండును. దీనిని పశువుల పౌండుతో కలుపరాదు. వీథికుక్కల నియంత్రణకు 2023వ సంవత్సరమున వేరుగా నియమములు చేయబడినవి. ఆ నియమముల ముఖ్య మార్గము కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, వెర్రికుక్క వ్యాధి రాకుండ టీకా. 1871 చట్టపు పశువుల పట్టికలో కుక్క లేదు. కావున ‘డాగ్ పౌండు’ అని కాగితము వచ్చినచో పశువుల దొడ్డి నియమములను దానికి వర్తింపజేయరాదు.

సభ్యులు గమనింపవలసినవి

మీ గ్రామమున బందెలదొడ్డి యున్నచో ఈ క్రింది విషయములను ఒకమారు స్వయముగా పోయి చూచుట మంచిది.

1. దొడ్డికి గోడ లేక కంచె సరిగా నున్నదా? ఎండకు నీడ, వానకు చూరు కలవా? నేల బురదగాక గట్టిగా నున్నదా?

2. నీటితొట్టి నిండియున్నదా? మేత ఎవరు తెచ్చుచున్నారు, దాని ఖర్చు ఏ పద్దులో వ్రాయుచున్నారు?

3. రిజిస్టరు దొడ్డివద్దనే యున్నదా? పశువు రంగు, కొమ్ముల తీరు, చెవికి వేసిన పోగు సంఖ్య వ్రాసియున్నవా? నేడు పెక్కు పశువులకు చెవిపోగుపై 12 అంకెల సంఖ్య యుండును. దానినిబట్టి పశువైద్య సిబ్బంది యజమానిని గుర్తింపవచ్చును.

4. రేట్ల పట్టిక అందరకు కనబడునట్లు తెలుగులో వ్రాసియున్నదా? వసూలైన ప్రతి రూపాయికిని రసీదు ఇచ్చుచున్నారా?

5. పాలిచ్చు పశువు దొడ్డికి వచ్చినపుడు దూడ మాట ఆలోచించుచున్నారా? జబ్బుగానున్న పశువును వేరుగా కట్టి పశువైద్యునకు తెలుపుచున్నారా?

6. ప్రకటన, దండోరా జరిగిన తేదీలు వ్రాతమూలకముగా నున్నవా? వేలము జరిగినచో పాడుకొన్నవారి పేర్లలో ఉద్యోగి బంధువుల పేర్లున్నవేమో చూచితిరా?

బందెలదొడ్డి లేని గ్రామములందు పశువును ఎచ్చటికి పంపవలెనో ముందుగానే నిశ్చయించి ఊరందరకు తెలుపుట అవసరము. పశువు చేనిలో పడిన తరువాత ఆలోచింప మొదలిడినచో ఆ కాలమంతయు పశువు ఎండలో కట్టుబడి యుండును, మనుష్యులు కోపమునకు కట్టుబడి యుందురు.

అన్నిటికంటె మేలైనది దొడ్డి అవసరమే లేకుండ చేసికొనుట. పైరు కాలమున పశువులను కట్టి మేపుట, పచ్చిక బీళ్లను ఆక్రమణలనుండి కాపాడుట, గ్రామమునకు ఒక పసులకాపరిని కుదుర్చుకొనుట వంటివి గ్రామసభలో చర్చించి ఒప్పుకొనదగిన పనులు. నిండిన బందెలదొడ్డి గ్రామమునకు రాబడి తెచ్చునేమో గాని పేరు తీసికొనిరాదు. దొడ్డి రాబడి ఏటేట పెరుగుచున్నదన్నచో పంటలకు కాపు లేదనియో, పశువులకు మేత లేదనియో గ్రహింపవలెను.

పౌండు అను మాటలో తూనిక పౌండునకును పశువుల పౌండునకును చుట్టరికము లేదని పైన చెప్పితిమి. అయినను పంచాయతీ సభ్యులు ఆ రెంటిని కలిపి జ్ఞాపకముంచుకొనుట లాభకరము. దొడ్డిలో కట్టిన పశువు ఒక ప్రక్క, నష్టపోయిన పంట మరియొక ప్రక్క. త్రాసు పట్టిన చేయి పంచాయతీది. ఆ చేయి ఎటును వంగకుండ, వితంతువు తన గేదెను ఆరోగ్యముగా తోలుకొనిపోవునట్లు, రైతు తన నష్టమునకు దారి తెలిసికొని పోవునట్లు చూచినపుడే గ్రామమున బందెలదొడ్డి ఉన్నందులకు సార్థకత చేకూరును.